కిరీటం లేని కొండ

తప్పు ఎవరిదని అడిగితే టీచరమ్మ ఇప్పటికీ వేలు తనవైపే చూపిస్తుంది. ఆ మాటకొస్తే అది నిజం కూడా. ఆరో తరగతి పిల్లలకు ఆరేళ్లపాటు, ఏటేటా, పర్వత వర్ణన బోర్డు మీద రాసి ఎక్కించింది ఆవిడే. 'పర్వతం తలపై వెండి కిరీటం ధరించిన మహారాజులా నిలబడి ఉంది. దేవదారు వృక్షాలు ఆకాశాన్ని అంటుతున్నాయి. జలపాతం పాలనురగలా దూకుతోంది.' ఇది గైడులోది. ఆ గైడు రాసినవాడు కొండను చూశాడో లేదో తెలియదు గానీ, కొండ అతన్ని చూసి ఉంటే మాత్రం తప్పకుండా నవ్వి ఉండేది. అయినా పది మార్కుల ప్రశ్నకు ఎనిమిది ఖాయం. అంతకుమించి ఎవరికేం కావాలి?

తమాషా ఏమిటంటే, ఆ బడి కిటికీ తెరిస్తే ఎదురుగా కొండే. కూతవేటు దూరం కూడా ఉండదు. మధ్యాహ్నం దాటితే దాని నీడ ఆటస్థలంలోకి వచ్చి కూర్చుంటుంది. గోధుమరంగు బోడికొండ, నెత్తిన ఒక ఇనుప టవరు. దేవదారు వృక్షాల చోట ముళ్లతుప్పలున్నాయి. జలపాతం సంగతి చెప్పుకోనే అక్కర్లేదు, గట్టిగా వాన పడితే ఎర్రనీళ్లు జారి బడి గేటు ముందు మోకాల్లోతు బురద చేసి పోతాయి. ఆ కొండ కింద పుట్టి, ఆ బండల మీద జారి, మోకాళ్లు గీరుకున్న ముప్ఫై ఒక్కమంది పిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకున్నది మాత్రం వెండి కిరీటం.

ఆ ఏడు బడి తెరిచిన రెండో నెలలో తనిఖీకి ఒక అధికారిణి వచ్చింది. నడివయసు మనిషి, చేతిలో కళ్లజోడు తిప్పుకుంటూ, అరుపులూ కేకలూ లేకుండా బెంచీల మధ్య తిరిగింది. నాలుగు పుస్తకాలు తెరిచింది. నాలుగింట్లోనూ నలుగురు మహారాజులు కిరీటాలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. కిటికీ పక్క బెంచీలో కూర్చున్న పిల్ల దగ్గర ఆగింది. ఆ పిల్లను తరగతి మొత్తం 'నత్త' అని పిలుస్తుంది, ఏం చేసినా నింపాదిగా చేస్తుంది కాబట్టి. దర్జీ కూతురు.

"ఏమ్మా, ఈ కిరీటం ఎక్కడుంది? నాకొకసారి చూపిస్తావా?" అంది అధికారిణి.

నత్త మెల్లగా కిటికీ వైపు తిరిగింది. కొండను కిందినుంచి పైదాకా చూసింది, మళ్లీ పైనుంచి కిందిదాకా చూసింది. ఒక నిమిషం పట్టింది. అప్పుడు టీచరమ్మ వైపు తిరిగింది. ఆ చూపులో ఫిర్యాదు లేదు, భయం లేదు. మీరే రాయించారు కదా టీచర్, ఎక్కడుందో మీరే చెప్పండి అన్నట్టు నమ్మకంగా చూసింది, అంతే. అధికారిణి చిన్నగా నవ్వి, నివేదికలో ఆ ఊసే రాయకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే టీచరమ్మ రెండు రోజులు బాధపడి మరిచిపోయేది. నవ్వేసరికి తల కొట్టేసినట్టయింది.

టీచరమ్మది బల్లపరుపు నేల. ఆవిడ పుట్టిన ఊళ్లో అన్నిటికన్నా ఎత్తయినది నీళ్ల ట్యాంకు. కొండల గురించి ఆవిడకు తెలిసిందల్లా దూరపు కొండలు నునుపు అన్న సామెత ఒక్కటే. పెళ్లయి దగ్గరికి వచ్చింది, పదేళ్లు ఆ కొండ నీడలో కాపురం చేసింది, అయినా ఆ గరుకు ఏమిటో ఒక్కనాడూ కంటపడలేదు. కళ్లు లేక కాదు, చూసి చెప్పమని అడిగినవాళ్లు లేక అనుకునేది. అదీ అబద్ధమే. అడిగే మనిషి ఇంట్లోనే ఉంది.

అత్తగారు నలభై ఏళ్లు ఆ కొండ మీద మేకలు కాసింది. కళ్లలో నీటికాసులు వస్తే తలనొప్పి అనుకుని నానబెట్టింది, చివరికి చూపు పోయింది. ఇప్పటికి ఏడేళ్లు. వసారాలో కుర్చీ వేసుకుని కొండ ఉన్న దిక్కుకే ముఖం పెట్టి కూర్చుంటుంది. సాయంత్రం గేటు చప్పుడైతే చాలు, "ఎలా ఉందే కొండ?" అని అడుగుతుంది. కోడలు చెప్పులు విప్పుతూ "బాగుంది అత్తయ్యా" అంటుంది. "బాగుంటే బాగున్నట్టే" అని ముసలావిడ ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఏడేళ్లుగా ఇదే మాట, ఇదే జవాబు. పెద్దతనపు చాదస్తం అనుకుంది కోడలు.

తనిఖీ జరిగిన సాయంత్రం కూడా ఆ ప్రశ్న వచ్చింది. టీచరమ్మ సంచీ కింద పెట్టి, వెనక్కి తిరిగి, గేటు పట్టుకుని కొండ వైపు చూసింది.

"పెద్దగా ఉంది అత్తయ్యా."

"నిన్నటికన్నా పెరిగిందా ఏంటి?"

"గోధుమరంగులో ఉంది. రాళ్లున్నాయి."

"రాళ్లు లేకపోతే అది కొండెందుకవుతుందే? ఎలాంటి రాళ్లు?"

పదహారేళ్ల చదువు, తొమ్మిదేళ్ల ఉద్యోగం, గోడకు తగిలించిన డిగ్రీ పటం, అన్నీ ఉన్నాయి గానీ, ఎదురుగా ఉన్న రాయి ఎలా ఉందో చెప్పడానికి టీచరమ్మ దగ్గర మాట లేదు. మెట్టు మీద కూలబడి, "నాకు చెప్పడం రాదు అత్తయ్యా. పిల్లలకు నేర్పుతున్నాను గానీ, నాకే రాదు" అని ఏడ్చేసింది.

అత్తగారు చెయ్యి చాచి గాల్లో తడిమి, కోడలి తల దొరికాక అక్కడే ఉంచింది.

"నీకు నా మీద కోపమేమో అనుకున్నానే ఇన్నాళ్లూ. అందుకే ముక్తసరిగా చెప్పి పోతున్నావనుకున్నా. రాదని తెలిస్తే నేనే నేర్పేదాన్ని కదా! లే. పైనుంచి మొదలెట్టు. కొన ఎలా ఉంది? మొనదేలి ఉందా, మొద్దుబారి ఉందా?"

"మొద్దుగా ఉంది."

"ఆ కొన నుంచి కిందికి ఎలా దిగింది? జారినట్టు దిగిందా, తెగినట్టు దిగిందా?"

అలా మొదలైంది. రోజూ బడి నుంచి వచ్చాక గంటసేపు ఇద్దరూ వసారాలో కూర్చునేవాళ్లు. అత్తగారు ప్రతి మాటకూ మేకను సాక్ష్యం తెచ్చేది. వాలు అంటే మేకపిల్ల గంతులేస్తూ దిగేది. ఏటవాలు అంటే మేక పక్కకు తిరిగి నడిచేది. నిటారు అంటే మేక కూడా ఆగి ఆలోచించేది. చరియ అంటే మేక ఎక్కి పైన నిలబడితే, కాపరి కింద నిలబడి బూతులు తిట్టేది. ఇక రాళ్లకు అంతే లేదు. వెడల్పుగా ఉండి, ఎండలో కూర్చుంటే ఒళ్లు కాలిస్తే పలక బండ, దొర్లుతుందేమో అని భయపెడితే గుండు, కాలి కింద గలగలమని జారితే గులక, బండకు సన్నగా బీట వారితే నెర్రె. కొండ రంగు గోధుమరంగు అని చెబితే ఒప్పుకునేది కాదు. "పొద్దున ఏ రంగు, వాన వెలిసాక ఏ రంగు, పొద్దు వాలేటప్పుడు ఏ రంగు? ఒకే చీర కట్టుకుని మూడు పూటలూ కూర్చుంటుందా అది?" అని దబాయించేది. పదేళ్లుగా ఒకే కప్పు కింద ఉండి, 'తిన్నారా, మందు వేసుకున్నారా' దాటని ఇద్దరు మనుషులు పలక బండల గురించి పోట్లాడుకుంటుంటే, కరెంటు స్తంభాలు ఎక్కి దిగి అలసిపోయి వచ్చిన టీచరమ్మ భర్త, ఆ లైన్‌మన్, అర్థంగాక గుమ్మంలోనే నిలబడిపోయేవాడు.

రెండు వారాలయ్యాక టీచరమ్మ తరగతిలో బోర్డు మొత్తం తుడిచింది. పిల్లల చేత నోటు పుస్తకాల్లో ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టించింది. "నేను మీకు అబద్ధం రాయించాను. తప్పు నాది. ఇవాళ్టి నుంచి మన కొండ రాద్దాం" అంది. టీచరు తప్పు ఒప్పుకోవడం పిల్లలు అంతవరకు చూడలేదు. వెనక బెంచీలో గంపజుట్టు అనే కుర్రాడు పెన్ను కింద పడేశాడు.

నియమం ఒకటే పెట్టింది. అందంగా, బాగా, పెద్దగా, అద్భుతంగా, ఈ నాలుగు మాటలు తరగతిలో నిషిద్ధం. ఎవరి నోటినుంచి వస్తే వాళ్లు కిటికీ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి కొండను చూడాలి. మొదటి రోజు పన్నెండు మంది నిలబడ్డారు. మూడో రోజుకు పిల్లలు కనిపెట్టేశారు, లెక్కల పీరియడ్ తప్పించుకోవడానికి ఇంతకన్నా సుఖమైన శిక్ష లేదని. "సార్, లెక్క అద్భుతంగా ఉంది సార్" అని లెక్కల మాస్టారికే చెప్పి, జవాబు కోసం ఆగకుండా కిటికీ దగ్గరికి నడిచాడు గంపజుట్టు. దాంతో టీచరమ్మ నియమానికి ఇంకో ముడి వేసింది. అంతవరకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి కొండ మీద వెతికి చెబితే తప్ప కిటికీ వదలకూడదు. అప్పుడు తెలిసింది అసలు శిక్ష ఏమిటో. నత్త ఒకరోజు నిలబడి నిలబడి భోజనం గంట కూడా వినలేదు.

శనివారం ఒంటిపూట. బడి అయ్యాక ఐదుగురేసి పిల్లలు టీచరమ్మ ఇంటికి వచ్చేవాళ్లు. అక్కడ వసారాలో పరీక్షాధికారి కూర్చుని ఉంటుంది. పిల్లలు కొండ మీద ఒక చోటు ఎంచుకుని, చోటు పేరు చెప్పకుండా వర్ణించాలి. చూపులేని ఆ మనిషి అది ఏ చోటో పట్టుకోవాలి. పట్టుకుంటే పిల్లలు గెలిచినట్టు, పట్టుకోలేకపోతే పిల్లలు ఓడినట్టు. అంటే తప్పు వినేవాళ్లది కాదు, చెప్పేవాళ్లదే. మాటను అంత నిక్కచ్చిగా తూచే తక్కెడ ఏ బడిలోనూ లేదు.

"నానమ్మా, అది చాలా ఎత్తుగా, ఠీవిగా, గంభీరంగా ఉంటుంది" అన్నాడు గంపజుట్టు మొదటి శనివారం.

"కొండ గురించి చెప్తున్నావా, పెళ్లికొడుకు గురించి చెప్తున్నావా?" అంది ముసలావిడ. "మళ్లీ చూసి రా, పో."

వాడు గేటు దాటి వీధి చివరిదాకా వెళ్లి చూసి, పరుగెత్తుకుంటూ వచ్చాడు. "గుండు మీద గుండు ఉంది. పైది కిందిదానికన్నా లావు. మధ్యలోంచి ఆకాశం కనిపిస్తోంది."

"జంట గుండ్లు! ఆ సందులోంచి నా మేకలు దూరేవి, నేను పట్టేదాన్ని కాదు" అని ఆవిడ చప్పట్లు కొట్టింది. గంపజుట్టు ఆ వారమంతా నేల మీద నడవలేదు.

ఊరన్నాక ఊరుకోదు కదా. పిల్లలు కిటికీల దగ్గర నిలబడుతున్నారన్న కబురు హెడ్మాస్టారి చెవిన పడింది. ఆయన చెడ్డవాడు కాదు. బల్ల మీద మార్కుల రిజిస్టరు, దాని మీద గాజు బరువు పెట్టుకుని, గాలికి ఏ పేజీ ఎగిరిపోతుందో అని ఎప్పుడూ ఒక చెయ్యి దాని మీదే ఉంచే మనిషి.

"కొండ చూపిస్తున్నారటగా. వాళ్లు పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉన్నారు కదమ్మా?" అన్నాడు.

"చూడట్లేదు సార్. నేనూ చూడలేదు."

"మీ ఉద్దేశం మంచిదే. కానీ పేపర్లు దిద్దేది మన ఊరివాళ్లు కాదు. వాళ్ల ముందు ఒక నమూనా జవాబు ఉంటుంది. అందులో ఉన్నది మన పిల్లలు రాస్తే మార్కులు, లేకపోతే లేదు. పోయినేడు మీ సబ్జెక్టు సగటు డెబ్బై రెండు. ఈసారి దానికి ఒక్కటి తగ్గినా ఈ పిల్లలను ఏడో తరగతిలో మీకివ్వను. పక్క సెక్షన్ మాస్టారికి ఇస్తాను. మీరు ఒకటో తరగతికి వెళ్లాలి. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

ఆరో తరగతి చెప్పినవాళ్లే ఆ పిల్లలతో పాటు ఏడుకు వెళ్లాలన్నది ఆ బడిలో ఆ ఏడే వచ్చిన పద్ధతి. పక్క సెక్షన్ మాస్టారిని పిల్లలు గైడు మాస్టారు అంటారు, ఎందుకో చెప్పనక్కర్లేదు. ముప్ఫై ఒక్కమందినీ టీచరమ్మ ఇంకో ఏడాది తన దగ్గర ఉంచుకోవాలి, ఇప్పుడిప్పుడే కళ్లు తెరుస్తున్నారు, మధ్యలో వదిలితే మళ్లీ కిరీటాల పాలవుతారు. ఆవిడకు ఆ ఏడు కావలసింది అదొక్కటే.

"అలాగే సార్" అంది.

"అలాగే అంటే? రాయిస్తారా?"

"అలాగే అంటే మీ షరతు విన్నాను సార్. కిరీటం మాత్రం రాయించను."

"మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అని హెడ్మాస్టారు గాజు బరువు సర్దుకున్నాడు.

వారం తిరక్కుండా దర్జీ కబురు పెట్టాడు. టీచరమ్మే కొట్టుకు వెళ్లింది. కుట్టుమిషను, మెడలో టేపు, చెవిమీద సుద్దముక్క, కాళ్ల చుట్టూ రంగురంగుల పేలికలు. తలెత్తకుండానే మొదలుపెట్టాడాయన.

"మా పిల్ల అసలే నత్త. దానికి తోడు ఇప్పుడు కిటికీలోంచి కొండ చూస్తూ కూర్చుంటోందట. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది టీచర్ మీ చదువు. మార్కులు ఎవరిస్తారు?"

టీచరమ్మ బల్ల మీదున్న ఒక గుడ్డ తీసింది. "ఈ గుడ్డ ఎలా ఉందండీ?"

"అదా? బిరుసు. ఒక ఉతుకైతే గానీ లొంగదు. అంచు దగ్గర పోగు జారింది, చూడండి. మడత పెట్టినచోట వెలిసింది. ఇక్కడ పిగిలేలా ఉంది, అస్తరు వెయ్యాలి."

"మీ దగ్గర పని నేర్చుకునేవాడు 'గుడ్డ బాగుంది' అని చెప్పి ఊరుకుంటే?"

"కత్తెర లాక్కుని ఇంటికి పంపేస్తా."

"మరి నేను మీ పిల్లను ఎలా ఊరుకోమంటారు?"

దర్జీ మిషను ఆపాడు. దారం పంటితో తెంపి, "అయినా మార్కులు రావాలి టీచర్" అని గొణిగాడు. కానీ ఆ మరుసటి శనివారం నత్త వసారాలో నిలబడి, నింపాదిగా, ఒక్కో మాటా సూదిలో దారం ఎక్కించినట్టు చెప్పింది. "ఒక పక్కంతా కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా ఉంది నానమ్మా. కుచ్చిళ్ల లోపల ముదురు రంగు, బయట వెలిసిపోయింది. కిందికొచ్చేసరికి కుచ్చిళ్లు విడిపోయి అంచు చిరిగింది."

"తూర్పు పక్క! వాన కోసుకుపోయిన కాలవలు!" అని ముసలావిడ కుర్చీలోంచి లేచినంత పని చేసింది. "మూడో కాలవలో నా గొడుగు పోయిందే. ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. ఈ పిల్లను నత్త అన్నదెవరు? నిదానంగా పోయే మేకకే మంచి గడ్డి దొరుకుతుంది."

పరీక్ష రోజు పొద్దున లైన్‌మన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఒక్క పది మార్కుల ప్రశ్నే కదా. ఈ ఒక్కసారికి ఆ కిరీటం ఏదో పెట్టించెయ్యరాదా? ఏడో తరగతి నీ చేతికొచ్చాక నీ ఇష్టం వచ్చినట్టు చెప్పుకో" అన్నాడు. మాట మంచి మాటే. టీచరమ్మ దారంతా ఆ మాటను నములుతూనే నడిచింది. బడి గేటు దగ్గర గైడు మాస్టారు నమూనా జవాబు కాగితాలు అందరికీ పంచుతున్నాడు. పాపం, ఆయనా పిల్లల మేలు కోరే పంచుతున్నాడు. టీచరమ్మ పిల్లల చేతుల్లోనూ ఆ కాగితాలున్నాయి.

ఆవిడ వాటిని లాక్కోలేదు. పిల్లలను గోడవారగా నిలబెట్టి, "ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, వినండి. కిరీటం రాస్తే ఎనిమిది మార్కులు ఖాయం. మన కొండ రాస్తే ఎన్ని వస్తాయో నేను చెప్పలేను. మార్కులు తగ్గితే వచ్చే ఏడు మీకు నేను ఉండను. ఏది రాసినా నాకు కోపం రాదు. మీ ఇష్టం" అంది. గంట కొట్టారు, పిల్లలు లోపలికి వెళ్లారు. ప్రశ్న ప్రతి ఏడూ వచ్చేదే, 'మీరు చూసిన పర్వత దృశ్యాన్ని వర్ణించండి.'

ఫలితాలు నెలన్నరకు వచ్చాయి. సగటు అరవై తొమ్మిది.

హెడ్మాస్టారు ముఖంలో సంతోషం లేదు. మాట ఇచ్చాడు కాబట్టి మాట మీద నిలబడ్డాడు. "మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, రిజిస్టరు ముందు ఎవరి మొండితనమూ సాగదమ్మా. వచ్చే నెల నుంచి మీకు ఒకటో తరగతి" అన్నాడు. తిరిగొచ్చిన జవాబు పత్రాల కట్ట ఆవిడ ముందుకు జరిపాడు.

టీచరమ్మ అక్కడే కూర్చుని ముప్ఫై ఒక్క పత్రాలూ తిప్పింది. ఒకరికి తొమ్మిది, ఒకరికి నాలుగు, దిద్దినవాళ్ల మనసును బట్టి పడ్డాయి మార్కులు. నత్తకు రెండు. పక్కన ఎర్ర సిరాతో, 'పర్వతం గురించి రాయలేదు.' చివరి పత్రం కూడా చూశాక ఆవిడకు ఇంకోటి తట్టింది, మళ్లీ మొదటినుంచి తిప్పింది. చేతిలో కాగితం ఉండి, ఎనిమిది మార్కులు ఖాయమని తెలిసి కూడా, ముప్ఫై ఒక్కమందిలో ఒక్కరు కూడా కిరీటం రాయలేదు.

పత్రాలు సంచీలో పెట్టుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"సార్, ఒకటో తరగతికి గైడు ఉందా?"

"ఒకటో తరగతికి గైడేమిటమ్మా? వాళ్లకు అక్షరాలే రావు."

"అయితే మంచిదే సార్" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వసారాలో ఒక్కో పత్రం చదివింది. అత్తగారు ఒక్కోదానికీ చూపుడువేలు గాల్లోకి ఎత్తి చోటు పట్టుకుంటూ పోయింది. జంట గుండ్లు, వాన కాలవలు, మేకలు ఎండలో పడుకునే పలక బండ. నత్త పత్రం ఆఖరున వచ్చింది.

'మా బడి కిటికీలోంచి చూస్తే కొండ మధ్యలో ఒక పలక బండ ఉంది. అది నిటారుగా ఉంది. దానికి అడ్డంగా ఒక నెర్రె ఉంది. నెర్రెలోంచి ఒక మేడి చెట్టు వచ్చింది. బండ బూడిద రంగు, చెట్టు వేళ్లు తెలుపు. వేళ్లు నెర్రెను పట్టుకుని పక్కకు పాకాయి. చెట్టు ఒకవైపే పెరిగింది, రెండోవైపు బండ ఉంది కాబట్టి. గాలి వస్తే కొండ మొత్తంలో అది ఒక్కటే ఊగుతుంది.'

చూపుడువేలు గాల్లో ఆగిపోయింది.

"నెర్రె నాకు తెలుసు. పిల్లి గీరినట్టు ఉంటుంది. చెట్టు లేదే అక్కడ."

"ఉందని రాసింది అత్తయ్యా."

"నలభై ఏళ్లు చూశాను. లేదు. పిల్ల పొరపడింది."

టీచరమ్మ గేటు దాకా వెళ్లి, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని వెతికింది. మధ్యలో పలక బండ. అడ్డంగా నెర్రె. నెర్రెలో, ఒకవైపే ఒరిగి, గాలికి ఊగుతూ, చెట్టు. రోజూ చూస్తున్న ఆవిడకు కూడా ఇన్నాళ్లూ అది కనపడలేదు.

"ఉంది అత్తయ్యా. మనిషెత్తు ఉంటుంది."

ముసలావిడ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అయితే నా చూపు పోయాక పుట్టిందది" అంది. "నా కళ్లతోనే కొండ కూడా ఆగిపోయిందనుకున్నానే. ఇన్నాళ్లూ పిల్లలు చెప్పినవన్నీ నేను చూసినవే, నాకు గుర్తున్నవే. ఇది మాత్రం నేను కొత్తగా చూశాను. ఇవాళే చూశాను. ఇంకోసారి చదువు."

కోడలు మూడుసార్లు చదివింది. మూడోసారి చదువుతుంటే ఆవిడ వేలితో గాల్లో నెర్రె గీసి, దాని మీద ఒకవైపుకు ఒరిగిన చెట్టు గీసింది.

"దీనికి రెండు మార్కులేసినవాళ్లకు కళ్లున్నాయా?"

"ఉన్నాయత్తయ్యా."

"ఉండి ఏం లాభం" అంది అత్తగారు.

సెలవులయ్యాయి. బడి తెరిచారు. ఒకటో తరగతి గది వసారా చివర, ఏడో తరగతిని ఆనుకుని ఉంటుంది, మధ్యలో పైకప్పు అందని గోడ. ఒక వైపు మాట్లాడితే రెండో వైపు వినపడుతుంది. టీచరమ్మ చాప మీద ఇరవైమంది చిన్నపిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుంది. ఒకడు ఇంకా అమ్మ కోసం ఏడుస్తున్నాడు, ఒకత్తె పక్కపిల్ల పలక నాకుతోంది.

గోడ అవతల గైడు మాస్టారి గొంతు ఖంగుమంటోంది. "రాసుకోండి. పర్వతం తలపై వెండి కిరీటం ధరించిన మహారాజులా నిలబడి ఉంది. కామా కాదు, ఫుల్‌స్టాప్. దేవదారు వృక్షాలు..."

పెన్నుల చప్పుడు లేదు. కాసేపటికి ఒక గొంతు, నింపాదిగా, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు, వినిపించింది.

"సార్, కిరీటం ఎక్కడుంది సార్?"

"ఎవరమ్మా అది? ఎక్కడుండడం ఏమిటి?"

"ఒక్కసారి చూపిస్తే రాసుకుంటాం సార్."

బెంచీలు కిర్రుమన్నాయి. ఒకటి కాదు, రెండు కాదు. ముప్ఫై ఒక్కమంది లేచి కిటికీల దగ్గరికి నడిచిన చప్పుడు. ఆ తర్వాత గైడు మాస్టారి బరువైన చెప్పుల చప్పుడు కూడా మెల్లగా కిటికీ దాకా వెళ్లి ఆగింది.

టీచరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, చాప మీద పిల్లలవైపు తిరిగింది. ఏడుస్తున్నవాణ్ని ఒళ్లోకి లాక్కుని, కిటికీ తలుపు రెండో రెక్క కూడా తోసింది.

"సరే, మీరు చెప్పండి. ఇవాళ కొండ ఎలా ఉంది?"

పలక నాకుతున్న పిల్ల నాలుక లోపలికి పెట్టుకుని ఆలోచించింది.

"బాగుంది" అంది.

"అయితే పద, కిటికీ దగ్గర నిలబడు" అంది టీచరమ్మ.